లీటరుకు పద్నాలుగు

ముందుగా పోయినవాటి లెక్క. ఏడు నెలల్లో నూట ఎనభై ఆరు లీటర్ల డీజిలు. ఒక జత బ్రేకు లైనింగులు, ఒక డ్రమ్ము, ఒక హెడ్‌లైటు. కాలం తీరకముందే అరిగిపోయిన టైరు ఒకటి. పాతపట్నం దారిలో మట్టిపాలైన గంపెడు కవళ్ళ చేపలు. సంతకు ఆలస్యంగా చేరినందువల్ల సగం ధరకు తెగనమ్మిన నాలుగు రోజుల సరుకు. ఇవి అంకెల్లో రాయగలిగినవి. రాయలేనిది ఒకటుంది. కళింగపట్నంలో ఒక ఇంటి ముందు పదిమంది వింటుండగా నా మీద పడిన మాట. దాన్ని ఏ పద్దులో వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంత పోయినా ఆ ఏడు నెలలను మంచి మనసుతోనే తలుచుకుంటాను. ఇరవై ఆరేళ్ళు కారు నడిపాను. అందులో నాకు నిజంగా పని నేర్పినవి ఆ ఏడు నెలలే.

మాది చీపురుపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. చదువు ఏడో తరగతితో ఆగింది. భాగహారం బడిలో కంటే డీజిలు బంకులోనే బాగా వచ్చింది. షుగరు కళ్ళ మీదికి రావడంతో యాభై రెండో ఏట స్టీరింగు వదిలేశాను. ఇప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుంటే, పాత కారు కొని కిరాయికి తిప్పుదామనుకునే కుర్రాళ్ళు వస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: “బావా, మైలేజీ పెరగాలంటే ఏటి సెయ్యాలి?” ఒక్క ముక్కలో చెప్పమంటారు. ఒక్క ముక్కలో చెప్పగలిగితే నాకు ఏడు నెలలు పట్టేది కాదు.

నూకమ్మ కారు

నూకమ్మది కళింగపట్నం. భర్త సముద్రం మీద వేటకు వెళ్తాడు, బేరం ఆమె చూసుకుంటుంది. పొద్దున్నే పడవల దగ్గర చేప కొని, ఉప్పూ ఐసూ వేసి, శ్రీకాకుళం బజారుకో చీపురుపల్లి సంతకో తెచ్చి అమ్మేది. చాలా ఏళ్ళు బస్సుల మీద తిరిగింది. వాసనని కండక్టర్లు గంపలు దించేస్తుంటే విసిగి, చీటీ పాడి ఒక పాత డీజిలు కారు కొంది. అప్పటికే ఆ కారుకు పదిహేనేళ్ళు. వెనక సీటు పీకించి, కింద రేకు పరిపించి, గంపలు పెట్టడానికి చోటు చేయించింది.

నన్ను పనిలోకి తీసుకున్న రోజు జరిగిన మాటలు ఇవి.

“తాగుతావేటి?”

“లేదప్పా.”

“సుట్టా?”

“అదీ లేదు.”

“మరేటుందిరా నీకు?”

“లెక్కుంది” అన్నాను. పగలబడి నవ్వింది. మా వైపు అక్కను అప్ప అంటారు. ఆ రోజు అలా నోట వచ్చిన పిలుపు అలాగే నిలిచిపోయింది. జీతం నాది, డీజిలు ఆమెది. అదీ ఒప్పందం.

నూకమ్మ తమ్ముడు అప్పలరాజు. పడవ మీద వెళ్ళేవాడు. మాట కరుకు, చెయ్యి ఉదారం. నూకమ్మ ఇంటి ముందు ఇసుక నేల సముద్రం వైపు కొంచెం ఏటవాలుగా ఉంటుంది. మొదటి రోజు సాయంత్రం నేను కారు అక్కడ నిలిపి హేండ్ బ్రేకు లాగుతుంటే అతను ఒక సరుగుడు దుంగ తెచ్చి నా ముందు పడేశాడు. పడవ ఒడ్డుకు లాగాక జారకుండా అడుగున పెట్టే రకం దుంగ.

“సక్రం కింద ఇది ఎట్టు బావా. ఆ కర్ర లాగకు” అన్నాడు. అతను నన్ను వరసకు కాదు, వెక్కిరింతకు బావా అనేవాడు.

“ఇది పడవ కాదు, కారు. దీనికి బ్రేకుంది” అన్నాను.

“సముద్రం పక్కన ఇనపదాన్ని నమ్మకు.”

నేను దుంగను కాలితో పక్కకు తోసేశాను. పని నేర్చుకున్నది చీపురుపల్లి రైసుమిల్లు యజమాని దగ్గర. ఆయన రాత్రి పడుకునే ముందు వచ్చి హేండ్ బ్రేకు కర్ర ఆఖరి పన్ను దాకా లేచిందో లేదో చేత్తో తడిమి చూసేవారు. ఆ జాగ్రత్త నాకు ఒంటికి పట్టేసింది. నూకమ్మ కారుకు కూడా రోజూ రెండు చేతులతో లాగి మరీ దిగేవాడిని.

మొదటి తప్పు లెక్క

పనిలో చేరిన వారానికి టేంకు నిండా పోయించి, మీటరు చూసుకుని, మళ్ళీ నిండా పోయించి లెక్క కట్టాను. పద్నాలుగున్నర దాటింది. సంబరంగా వెళ్ళి, “పదిహేను ఇస్తాది అప్పా మన బండి” అని చెప్పాను.

ఇక్కడ రెండు తప్పులున్నాయి. ఒకటి, అర కిలోమీటరుదాకా గొప్పకు కలిపాను. రెండోది నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు. కారు మీటరే ఎక్కువ చూపిస్తోంది. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు ఇరవై దాటితే మీటరు ఇరవై ఒకటి తిరుగుతోంది. అంటే ఆ కారు అసలు ఇచ్చేది పద్నాలుగు.

పాత కారు చేతికి రాగానే ముందు చేయవలసింది ఇదే. తిన్నగా ఉన్న రోడ్డు మీద ఇరవై రాళ్ళు లెక్కపెట్టి మీటరుతో సరిచూసుకోండి. డీజిలు ఎప్పుడూ ఒకే బంకులో, కారు ఒకే చోట నిలిపి పోయించుకోండి. డీజిలుకు నురుగు వస్తుంది. నురుగు చూసి టేంకు నిండిందనుకుంటే లీటరు దాకా తేడా పడుతుంది. నురుగు అణిగేదాకా ఆగి మళ్ళీ పోయించండి. బంకు కుర్రాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

నూకమ్మకు రాయడం రాదు. చెవిన పడిన అంకెను మాత్రం మర్చిపోదు. పదిహేను అన్న నా మాట ఆమె దగ్గర అలాగే ఉండిపోయింది.

అనుమానం

మొదటి ఏడాది ఏ గొడవా లేదు. రెండో ఏడు వానాకాలం చివర్లో లెక్క జారడం మొదలైంది. పద్నాలుగు పదమూడయింది, దసరా దాటాక పన్నెండున్నర, ఫిబ్రవరికి వచ్చేసరికి పదిన్నర. కళింగపట్నం నుంచి చీపురుపల్లి సంతకు వెళ్ళిరావడం నూట ఇరవై నాలుగు కిలోమీటర్లు. తొమ్మిది లీటర్లతో సరిపోయే ప్రయాణానికి పన్నెండు లీటర్లు కావాల్సి వస్తోంది.

డీజిలు ఎక్కడికి పోతుందని ఎవరైనా అడిగితే, మా వృత్తిలో మొదట చూసేది ఇంజినును కాదు, డ్రైవరును. టేంకులో గొట్టం వేసి లాగి, రోడ్డు పక్క కొట్లలో అమ్ముకున్న వాళ్ళు ఉన్నారు. ఆ సంగతి అందరికీ తెలుసు. కాబట్టి అనుమానించిన వాళ్ళను నేను తప్పుపట్టను. అప్పుడు మాత్రం తప్పుపట్టాను.

ఒక సాయంత్రం ఇంటి ముందు ఆడవాళ్ళు నెత్తళ్ళనే చిన్న చేపలు ఏరుతున్నారు. నేను రేకు కడుగుతున్నాను. అప్పలరాజు వల భుజాన వేసుకుని వచ్చి గట్టిగా అన్నాడు.

“అప్పా, కారు టేంకీకి సిల్లు పడిందేటి?”

“పడనేదురా. మొన్నే సూపించినాం.”

“టేంకీకి పడకపోతే డైవరు కాడ పడినట్టే. ఆ సిల్లులోంచి ఎంత పోతన్నాదో అడుగు.”

ఏరుతున్న చేతులు ఆగిపోయాయి. నేను బకెట్టు కింద పెట్టాను. నూకమ్మ వైపు చూశాను. ఆమె తమ్ముణ్ణి లోపలికి పొమ్మని కసిరి, నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది.

“ఊళ్ళో ఏటేటో అంతన్నారు. నాను సెవిలో ఎట్టుకోనేదు. గానీ పదిహేను ఇస్తాదని నువ్వే సెప్పినావు. ఇప్పుడు పదిన్నర దాటట్లేదు. మిగతాది ఏటయినట్టురా సిమ్మాచలం?”

“తెలీదప్పా.”

“తెలుసుకో. వేట ఆపే రోజుల వరకూ సూస్తాను. ఆ లోపు లెక్క తేలితే ఉండు. తేలకపోతే మళ్ళీ వేట మొదలైనాక ఇంకొకణ్ణి ఎట్టుకుంతాను. పోలీసులూ పంచాయితీలూ నాకొద్దు.”

ఏప్రిల్ మధ్యలో ప్రభుత్వం సముద్రంలో వేట ఆపిస్తుంది, చేప గుడ్లు పెట్టే కాలమని. అప్పటికి ఇంకా రెండు నెలలుంది. డీజిలు దొంగ అన్న పేరుతో బయటికి వస్తే శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఎవరూ నాకు తాళం ఇవ్వరు. నడపడం తప్ప నాకు వేరే పని రాదు.

చేసి చూసినవి

ఆ రెండు నెలల్లో నేను ఒక్కొక్కటిగా మార్చి చూశాను. ఇక్కడ కుర్రాళ్ళకు ఒక మాట. ఒకేసారి నాలుగు మార్చకండి. నాలుగూ మార్చి మైలేజీ పెరిగితే దేనివల్ల పెరిగిందో తెలియదు. పెరగకపోతే దేన్ని వదిలేయాలో కూడా తెలియదు.

టైర్లలో గాలి తక్కువగా ఉంది. సరిచేస్తే కొంచెం కలిసొచ్చింది. గాలి ఫిల్టరు విప్పితే ఇసుకతో పాటు చేప పొలుసులు రాలాయి. కొత్తది వేస్తే ఇంకొంచెం. ఇక్కడ పెరిగిందంతా మరో రెండు వారాల్లో మళ్ళీ కరిగిపోయేది. కుండలో పైనుంచి పోస్తుంటే అడుగున కారిపోతున్నట్టు ఉండేది నాకు.

తరువాత వేగం. నేను డెబ్బైలో వెళ్ళేవాడిని. యాభైకి తగ్గించాను. ఇది బాగా పనిచేసింది, లీటరుకు కిలోమీటరు పైనే పెరిగింది. నాలుగు సంతలు అలా వెళ్ళాం. నాలుగో సంత నాడు తిరిగి వస్తూ నూకమ్మ తువ్వాలుతో మెడ తుడుచుకుని అంది.

“నీ డీజిలు మిగిలింది. నా సేప సచ్చిపోయింది.”

“చేప ఎప్పుడో చచ్చింది కదప్పా.”

“ఎటకారమా? మనం ఎల్లేసరికి కొనేవోళ్ళు ఇల్లకెల్లిపోయేరు. మిగిలినోళ్ళు సగానికి అడిగేరు. నీ లెక్కలో నా గంప ఎక్కడుందిరా?”

లేదు. ఆమె గంప నా లెక్కలో లేదు. మిగిలిన డీజిలు విలువ కంటే పోయిన చేప విలువ నాలుగింతలు. కారు ఏ పనికి తిరుగుతుందో ఆ పనిని వదిలేసి కారు లెక్క ఒక్కటే వేసుకునేవాడు పొదుపరి కాదు. ఈ మాట ఆమె నేర్పింది. మరునాటి నుంచి అరవైలో వెళ్ళాను. ఇద్దరికీ కుదిరింది.

పాతపట్నం దిగుడు

ఇక నేను చేసిన వాటిలో అన్నింటికంటే తెలివితక్కువ పని. స్టాండులో ప్రతివాడూ చెప్పే చిట్కానే. దిగుడు వస్తే ఇంజిను ఆపి న్యూట్రల్ చేసి వదిలేయాలి, చుక్క డీజిలు ఖర్చు కాదు అని.

మార్చిలో ఒక రోజు పాతపట్నంలో పెళ్ళివారికి చేప కావాలంటే బయలుదేరాం. ఊరు ఇంకా కొంత దూరముందనగా ఒక దిగుడు వచ్చింది. తాళం వెనక్కి తిప్పాను. చప్పుడు ఆగి గాలి ఒక్కటే వినిపించింది.

“బాగుందిరా, పడవలో ఉన్నట్టు” అంది నూకమ్మ.

మధ్యలో రెండు మూడుసార్లు బ్రేకు నొక్కాను. దిగుడు అడుగున మేకల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. మళ్ళీ నొక్కితే పెడలు బండరాయిలా ఉంది. కాలికి బ్రేకులో సాయం చేసేది ఇంజినే. ఇంజిను ఆపాక రెండు మూడు నొక్కులకు సరిపడా సాయం మిగులుతుంది, అంతే. అది నేను అప్పటికే ఖర్చు పెట్టేశాను. స్టీరింగు ఎడమకు తిప్పి మట్టి గట్టుకు కొట్టాను. హెడ్‌లైటు పగిలింది. వెనక తలుపు తెరుచుకుని గంపెడు కవళ్ళు రోడ్డు మీద పరుచుకున్నాయి.

మేకలు కాసే ముసలామె నింపాదిగా వచ్చి చేపల వైపూ నా వైపూ చూసింది. “మేకలకి సేపలు తెచ్చినావేటి నాయనా?” అంది.

నూకమ్మ ముందు తన మోకాలు చూసుకుంది, తరువాత గంపలు, ఆఖరున నన్ను.

“ఇంజిను ఆపీసినావా?”

“డీజిలు మిగులుతుందని…”

“పానాలు మిగిల్తే డీజిలు కొనుక్కుంతాం. ఇంకోసారి ఆపితే నిన్ను ఇక్కడే మేకలకి ఒగ్గేసి ఎల్లిపోతాను.”

ఇది చదువుతున్న ప్రతి కుర్రాడికీ చెబుతున్నాను. దిగుడులో గేరు తీయకండి, తాళం తిప్పకండి. కొన్ని కార్లలో తాళం పూర్తిగా తిప్పితే స్టీరింగు కూడా బిగుసుకుపోతుంది. గేరులో ఉంచి కాలు తీసేస్తే చాలు. దిగుడులో చక్రాలే ఇంజినును తిప్పుతాయి, డీజిలు దాదాపు పోదు.

ఆ రోజు ఇంకొక విషయం నా కళ్ళ ముందే జరిగింది, నేను పట్టుకోలేకపోయాను. అంత దిగుడులో న్యూట్రల్‌లో వదిలిన కారు అందుకోవలసినంత జోరు అందుకోలేదు. భయంలో ఆలోచించలేదు. తరువాత ఆలోచిస్తే, కారును ఏదో వెనక్కి పట్టుకుని ఉందని అక్కడే తెలిసి ఉండాల్సింది. ఆ పట్టు లేకపోతే గట్టుకు ఇంకా గట్టిగా కొట్టేవాళ్ళం. ఆ సంగతి మాత్రం జమ వైపు వేసుకోవాలి.

సుయ్యిమన్న చప్పుడు

ఏప్రిల్ మొదటి వారం. వేట ఆగడానికి పది రోజులు కూడా లేవు. చీపురుపల్లి సంత. రోడ్డుకు ఎడమ పక్క నిలుపుతాం కాబట్టి గంపలు ఎప్పుడూ ఎడమ వెనక తలుపులోంచే ఎక్కించడం, దించడం. నేను ఎప్పటిలాగే దిగి మీటరు చూసుకుంటూ మనసులో భాగహారం చేసుకుంటున్నాను. ఆ రోజు దించే మనిషి రాలేదు. నూకమ్మే ఆఖరు గంప అంచుకు లాగి, అడుగున నిలిచిన ఐసు నీళ్ళు బయటికి వంచింది. నీళ్ళు ఎడమ వెనక చక్రం మీద పడ్డాయి.

“ఒరే సిమ్మాచలం, ఇటు రా.”

“లెక్క కడుతున్నానప్పా.”

“నీ లెక్క తగలెయ్య, ఇటు రారా! సక్రం మీద నీల్లు పడితే పోపులో పడినట్టు సుయ్యిమంతన్నాదేటి?”

వచ్చాను. ఆమె ఇంకొంచెం వంచింది. సుయ్యిమంది. ఆవిరి లేచింది. కుడి వైపు వెళ్ళి చెయ్యి పెట్టాను, గోరువెచ్చగా ఉంది. ఎడమ వైపు చెయ్యి పెట్టబోతే వేళ్ళు కాలాయి.

అక్కడే జాకీ వేసి ఎడమ చక్రం లేపి చేత్తో తిప్పాను. తిరగలేదు. హేండ్ బ్రేకు కర్ర పూర్తిగా కిందికే ఉంది. చక్రం మాత్రం లాగి ఉంచినట్టే ఉంది.

బ్రేకు లైనింగు కాలితే వాసన వస్తుంది. ఏ డ్రైవరైనా పట్టేస్తాడు. మా కారులో ఐసూ ఉప్పూ చేపల వాసన ముందు ఇంకే వాసనా ముక్కుకు చేరేది కాదు. నూకమ్మ చెవి పట్టుకుంది గానీ, నా ముక్కు ఏడు నెలలు పట్టుకోలేదు.

శ్రీకాకుళంలో సత్యం మేస్త్రీ షెడ్డుకు తీసుకెళ్ళాం. ఆయన డ్రమ్ము విప్పి, హేండ్ బ్రేకు తీగ లాగి చూసి, నవ్వాడు.

“ఏ ఊళ్ళో ఎడతారు ఈ బండి?”

“కళింగపట్నం.”

“రాత్రి హేండ్ బ్రేకు లాగుతావా?”

“రోజూ. ఆఖరి పన్ను దాకా” అన్నాను, ఇంకా కొంచెం గర్వంగానే.

“అదే మరి. గంపల్లోంచి ఉప్పు నీల్లు ఎడమ పక్కకే కారి ఈ తీగ మీద పడతాయి. తెల్లార్లూ లాగి ఉంచితే తీగ అక్కడే తుప్పట్టి బిగుసుకుపోద్ది. పొద్దున్న నువ్వు కర్ర దించుతావు, తీగ వెనక్కి పోదు. బ్రేకు సగం పట్టి ఉన్న బండిని ఊరూరా ఈడ్చుకుని తిరుగుతున్నావు బాబూ.”

నాకు అప్పుడు గుర్తొచ్చింది, నేను కాలితో తోసేసిన సరుగుడు దుంగ.

దుంగ

మేస్త్రీ తీగ సరిచేసి, లైనింగులూ డ్రమ్మూ మార్చాక కళింగపట్నం చేరేసరికి అప్పలరాజు ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. నేను కారు దిగి తిన్నగా అతని ముందుకు వెళ్ళాను.

“ఆ దుంగ ఉందా?”

“ఏ దుంగ?”

“మొదటి రోజు నువ్వు తెచ్చింది.”

అతను నూకమ్మ వైపు చూశాడు. ఆమె మేస్త్రీ చెప్పినదంతా చెప్పింది. అతను వల పక్కన పెట్టాడు. తరువాత లేచి ఇంటి వెనక్కి వెళ్ళి దుంగ తెచ్చి, స్వయంగా వంగి చక్రం కింద పెట్టాడు.

“బావా, నిన్ను దొంగన్నాను. తప్పు. నువ్వు దొంగవి కావు, ఎర్రిబాగులోడివి.”

“రెండోది ఒప్పుకుంటాను” అన్నాను.

“మాకు పడవ కాడ ఇనప గొలుసు రాత్రికి బిగించి ఒగ్గేస్తే పొద్దున్నకి ఊడదు. అందరికీ తెలిసిందే. నువ్వు ఎరుగుదువనుకున్నాను. సేల్లోంచి వచ్చినోడివి, నీకేటి తెలుస్తాది. అది నాను సెప్పాల.”

“చెప్పావుగా.”

“ఇంకోసారి సెప్పాల” అన్నాడు. అదే పదిమంది ముందు, అదే నెత్తళ్ళు ఏరే ఆడవాళ్ళ ముందు అన్నాడు. అంతకంటే నాకు అతను ఇవ్వవలసింది ఏమీ లేదు.

వేట ఆగే ముందు ఆఖరి చీపురుపల్లి సంతకు టేంకు నిండా పోయించి వెళ్ళాం. తిరిగి వచ్చి అదే బంకులో, నురుగు అణిగేదాకా ఆగి పోయిస్తే సరిగ్గా తొమ్మిది లీటర్లు పట్టింది. పద్నాలుగుకు కాస్త తక్కువ. ఆ వయసు కారుకు అది చాలు. “పదిహేను అన్నావు గదరా” అంది నూకమ్మ. “అబద్ధం చెప్పానప్పా, పద్నాలుగే” అన్నాను. “ఇప్పుడు సెప్పినావు నిజం” అని నవ్వింది.

ఆ తరువాత ఆ కారు నడిపినన్నాళ్ళూ ప్రతి ప్రయాణం చివర నేను ముందు మీటరు చూడలేదు. దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి వెనక భాగం పెట్టి చూసేవాడిని. నాలుగూ ఒకేలా ఉండాలి. ఒకటి వేడెక్కితే అక్కడ డీజిలు కాలుతోందని అర్థం. దీనికి పనిముట్టు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. సముద్రం పక్క నడిపే వాళ్ళయితే వారానికోసారి అడుగు భాగం మంచినీళ్ళతో కడగండి. రాత్రికి గేరులో పెట్టి, చక్రం కింద దుంగ పెట్టండి. మీకు అక్కడి మనిషి ఏదైనా చెబితే, అది పడవ సంగతే అయినా సరే, ఒక్క నిమిషం ఆగి వినండి.

పంపకం

వేట ఆగిన మొదటి వారం నూకమ్మ ఇంటికి వెళ్ళి, ఏడు నెలల్లో వృథాగా పోయిన డీజిలు నూట ఎనభై ఆరు లీటర్లని చెప్పాను. బ్రేకు లాగింది నా చెయ్యి, నా జీతంలో పట్టుకోమన్నాను.

ఆమె ఎండుచేప తిరగేస్తూ అంది. “సెయ్యి నీది. ఉప్పు నీల్లు ఎవలివి?”

“నీవి.”

“మరి సగం నాది. తొంబై మూడు నువ్వియ్యి. డబ్బు ఒద్దు, డబ్బు ఇయ్యాల ఒక ధర, రేపు ఒక ధర. లీటర్లే ఇయ్యి.”

నెలకు మూడు లీటర్ల చొప్పున నా చేతి డబ్బుతో టేంకులో పోయించేవాడిని. ముప్పై ఒక్క నెలల్లో తీరిపోవాలి. ఇరవై ఎనిమిదో నెల పోయించాక కళ్ళు మసకబారడం మొదలైంది. ఎదురుగా వచ్చే లైట్లు పువ్వుల్లా విచ్చుకుని కనిపించేవి. డాక్టరు వద్దన్నాడు. నేను తాళం తెచ్చి నూకమ్మ చేతిలో పెట్టి, మిగిలిన తొమ్మిది లీటర్ల డబ్బు పక్కన పెట్టాను.

ఆమె తాళం తీసుకుంది. డబ్బు నా జేబులో తిరిగి కుక్కింది.

“ఇది ఉండనీ.”

“లెక్క తెగాలి కదప్పా.”

“తెగితే ఇంకేటి పని మీదొస్తావురా ఈ ఊరు? సేపలు కొనవు, సుట్ట కాల్చవు. బాకీ ఉంటే వస్తావు. నాను నిన్ను ఎరుగుదును.”

ఆమె నన్ను బాగానే ఎరుగును. వేట మళ్ళీ మొదలయ్యే రోజుల్లో ఏడాదికోసారి బస్సెక్కి కళింగపట్నం వెళ్తాను. కారు ఇప్పుడు అప్పలరాజు కొడుకు నడుపుతున్నాడు. చక్రం కింద అదే దుంగ, అంచులు అరిగి నున్నబడింది. నేను నాలుగు చక్రాలకూ చెయ్యి పెట్టి చూస్తాను. అప్పలరాజు, “కాలిందేటి బావా?” అంటాడు. జేబులోంచి డబ్బు తీస్తాను, నూకమ్మ చూడనట్టు మొహం తిప్పుకుని నెత్తళ్ళ పొట్లం కట్టడానికి లోపలికి వెళ్ళిపోతుంది.

నేటికీ నా బాకీ: తొమ్మిది లీటర్లు.